దగ్గుచుక్క

లేజర్లు ఆపి మూతలు పెట్టడం. అద్దాల బల్ల మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పడం. చుక్కకి ఆఖరి కొలతలు తీసి దాచడం. స్పీకరు పీకేయడం. చలిపెట్టె పంపు ఆపి మెల్లగా వేడెక్కనివ్వడం. చిప్పు బయటికి తీసి డబ్బాలో పెట్టడం. అక్క సామాను అక్కకి పంపించడం.

గురువారంలోగా అవ్వాల్సిన ఈ పనులన్నీ ప్రయోగశాల నడిపే మాస్టారు సోమవారం పొద్దున్నే తెల్లబోర్డు మీద రాసేసి, క్లాసుకి వెళ్ళిపోయారు. పిచ్చుక వచ్చి బోర్డు ముందు నిలబడింది. మొదటి నుంచి చదివింది, మళ్ళీ చదివింది. మిగతావన్నీ చేతులు వాటంతటవే చేసేసే పనులు. స్పీకరు పీకడం, అక్క సామాను పంపడం, ఈ రెండు దగ్గరే ఆమె కళ్ళు ఆగిపోతున్నాయి.

పిచ్చుక అంటే ఆ ప్రయోగశాలలో అందరికంటే చిన్నది, పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఒకచోట కుదురుగా కూర్చోదని, బల్లకీ తెరకీ మధ్య గెంతుతూనే ఉంటుందని, అదే గదిలో తనకంటే ముందునుంచీ పరిశోధన చేసిన అక్క పెట్టిన పేరది. అక్క వెళ్ళిపోయినా పేరు మాత్రం ఉండిపోయింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది పిచ్చుకే మొదలు. చేసే పని ఏమిటో వాళ్ళమ్మకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. "చలిపెట్టె చలిపెట్టె అంటావు, మన ఫ్రిజ్జు నెల్నాళ్ళుగా నీళ్ళు కారుతుంటే ఒక్కసారి వచ్చి చూడవేం?" అని ఫోనులో నిష్ఠూరం ఆడుతుంది.

"ఏమ్మా పిచ్చుకా, బోర్డుకి దణ్ణం పెడుతున్నావా?" అంటూ చలిబాబాయి లోపలికొచ్చాడు. చలిపెట్టెల బాగోగులన్నీ ఆయనవే. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునే మనిషి.

"ఈ గురువారం కాకుండా వచ్చే గురువారం చేస్తే ఏమవుతుంది బాబాయ్?"

"ఏమవుతుందా? పై అంతస్తు వాళ్ళు నన్ను ఈ చలిపెట్టెలోనే పెట్టి మూత వేస్తారు. వాళ్ళ చిప్పు పట్టుకుని ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నారో తెలుసా? నన్ను చూస్తే చాలు, మంచి ముహూర్తం అడిగినట్టు అడుగుతారు, ఎప్పుడు, ఎప్పుడు అని. పైగా పంపు కూడా మూలుగుతోంది. ఇప్పుడు ఆపి నూనె మార్చకపోతే అదే ఆగి కూర్చుంటుంది."

పిచ్చుక మళ్ళీ బోర్డు వైపు తిరిగింది. చలిపెట్టె ఒకసారి వేడెక్కిందంటే లోపలి చుక్క మళ్ళీ ముందులా ఉండదు. రంగు జరుగుతుంది, తీరు మారుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. ఆ సంగతి బాబాయికీ తెలుసు. అందుకే ఆయన ఆమె మొహం కేసి చూడకుండా మఫ్లరు సర్దుకున్నాడు.

ఆ చుక్కని కనిపెట్టింది అక్క.

చలిపెట్టెలో ఉన్న చిప్పు గోటి అంచంత ఉంటుంది. దాని మీద కంటికి కనబడని చుక్కలు లెక్కలేనన్ని. ఒక్కొక్క చుక్కలో ఒక్కొక్క ఎలక్ట్రాన్ని బంధించి ఉంచొచ్చు. కాని నూటికి తొంభై తొమ్మిది చుక్కలు పనికిరావు. కొన్ని మసక, కొన్ని నిలకడ లేనివి, కొన్ని ఉన్నట్టుండి మూగపోతాయి. అక్క రెండు చేతులతో రెండు మరలు తిప్పుతూ, లేజరుని చిప్పు మీద వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వెతికేది. తెర చూడ్డానికి తల తిప్పితే చెయ్యి కదులుతుందని, కాంతి పడినప్పుడల్లా టక్కుమనేలా పాత రేడియోలోంచి తీసిన స్పీకరొకటి డిటెక్టరుకి కట్టుకుంది. ఇక కళ్ళు మూసుకుని చెవులతోనే వెతికేది. చిప్పు మీద ఒక మూల, అందరూ వదిలేసిన చోట, ఒక చుక్క టక్ టక్ టక్ మని, కాస్త ఆగి, ఊపిరి తీసుకున్నట్టు మళ్ళీ టక్ మంది.

"ఒసేయ్ పిచ్చుకా, ఇలా రా! ఇదెవరో అచ్చం మా అత్తగారిలా దగ్గుతోందే!"

అలా దానికి దగ్గుచుక్క అని పేరు పడింది. మధ్యమధ్య ఆగినా, పలికినప్పుడు దానంత శుభ్రంగా పలికే చుక్క ఆ చిప్పు మొత్తం మీద లేదు.

వాళ్ళు చేస్తున్న పని చెప్పుకోడానికి చిన్నదే. మామూలు కంప్యూటరు లెక్క చేసుకుంటూ పోతుంది. వీళ్ళు కలగంటున్న కంప్యూటరు అలాంటిది కాదు. దానికి ముందే ఒక గొలుసు కట్టి ఇవ్వాలి, కాంతి కణాల గొలుసు. ఒక్కొక్క కణం పక్కదానితో ఎలా ముడిపడాలంటే, ఒకదాని సంగతి రెండోదాన్ని వదిలిపెట్టి చెప్పడానికి వీల్లేకుండా ఉండాలి. గొలుసు తయారయ్యాక ఒక్కొక్క పూసనీ కొలుస్తూ పోవడమే లెక్క చెయ్యడం. కొలిచిన పూస పోతుంది. అది పోతూ చెప్పిన దాన్నిబట్టి తర్వాతి పూసని ఎలా కొలవాలో తేల్చుకోవాలి. లెక్క పూర్తయ్యేసరికి గొలుసు ఉండదు, జవాబు మాత్రం మిగులుతుంది. అంచేత కష్టమంతా గొలుసు కట్టడంలోనే ఉంది.

కట్టేది చుక్కలోని ఎలక్ట్రాన్. దాన్ని లేజరుతో ఒకసారి తడితే ఒక కాంతి కణం బయటికొస్తుంది, ఎలక్ట్రానుతో ముడిపడే వస్తుంది. ఎలక్ట్రాన్ని కాస్త తిప్పి మళ్ళీ తడితే ఇంకొకటి. ఆ వచ్చింది ఎలక్ట్రానుతోనే కాక, దాని ద్వారా ముందు వెళ్ళిన దానితోనూ ముడిపడుతుంది. అలా ఎలక్ట్రాన్ లోపలే కూర్చుని పూస వెనక పూస బయటికి పంపుతుంది. ఆఖర్న దాన్ని గొలుసులోంచి విడదీయాలి. అందుకు ఇంకొక్క తట్టు. ఆ తట్టుకి చుక్క ఒక్కోసారి కాంతి వదులుతుంది, ఒక్కోసారి ఊరుకుంటుంది. ఆ గదిలో ఆ ఆఖరి తట్టుని 'కడుగు' అనేవాళ్ళు. కాఫీ తాగాక కప్పు కడిగి పెట్టుకున్నట్టు, మళ్ళీ గొలుసు కట్టడానికి చుక్కని ఖాళీ చేసుకోవడం అన్నమాట. అక్కకంటే ముందు పనిచేసినవాళ్ళూ అలాగే అన్నారు, మాస్టారూ అలాగే అన్నారు, అక్కా అలాగే అంది. కడిగిన నీళ్ళని ఎవరు చూస్తారు?

అక్క గొలుసులు కట్టింది. రెండు పూసలు, తర్వాత మూడు. కాని ఎప్పుడు కొలిచినా ఆఖరి ముడి వదులు. మొదటి ముడి బిగువుగా ఉంటుంది, ఆఖరిది అసలు వేసినట్టే ఉండదు. లేజరు మార్చింది, అద్దాలు తుడిచింది, వేళ కాని వేళ భోజనం చేసింది. పిచ్చుక పక్కనే ఉండి అందించాల్సినవి అందించేది. చివరికి మాస్టారు నివేదికలో ఒక ముక్క రాశారు: ఈ చుక్కకి జ్ఞాపకశక్తి చాలదు, గొలుసు చివరికి వచ్చేసరికి మొదలెట్టింది మరిచిపోతోంది. రాసింది అబద్ధమేమీ కాదు, ఆయనకి తోచింది రాశారు. మరిచిపోయే చుక్కని నమ్ముకున్న మనిషికి మరో ఏడాది జీతం ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదు.

వెళ్ళేరోజు అక్క ఎవరి మీదా విసుక్కోలేదు. స్వెట్టరు కుర్చీకే వదిలేసింది. పిడి విరిగిన కప్పు, చిన్న టార్చిలైటు, గదిలో వేసుకునే చెప్పులు అన్నీ వదిలేసింది. చేతిసంచీ ఒక్కటి భుజాన వేసుకుని, తలుపు దగ్గర ఆగి, "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుకోవే" అంది.  పిచ్చుక ఊరికే తలూపింది. ఆ ఊపిన తలే ఇప్పటికీ ఆమెని వదలడం లేదు. ఒక్క మాటైనా అనాల్సింది. ఉండమని అడగాల్సింది. అడిగితే ఉండేది కాదు, అయినా అడగాల్సింది.

ఇప్పటికీ తెర మీద ఏదైనా బాగా కనబడితే "అక్కా, ఇది చూడూ" అంటుంది. పక్కన ఖాళీ స్టూలు. చలేసినప్పుడు ఆ స్వెట్టరే వేసుకుంటుంది. చేతులు పొడుగైతే రెండు మడతలు పెట్టుకుంటుంది. పిచ్చుకకి ఒకటే ఆశ. దగ్గుచుక్క మంచిదేనని తేలితే, మతిమరుపు మచ్చ దాని మీదనుంచి పోతే, అక్క తిరిగొస్తుంది. ఆ ఆశతోనే ఇన్నాళ్ళూ ఆ చిప్పుని చలిపెట్టెలోంచి తీయనివ్వకుండా ఏదో ఒక సాకు చెబుతూ వచ్చింది. గురువారంతో సాకులైపోయాయి.

మంగళవారం మధ్యాహ్నం మనసు రాయి చేసుకుని స్పీకరు పని పట్టింది. ఊరికే వైరు లాగేస్తే ఏదైనా తెగుతుందేమోనని, బల్ల కింద దూరి, వైరు ఎక్కణ్ణుంచి వస్తోందో చేత్తో తడుముకుంటూ వెళ్ళింది. పైన దగ్గుచుక్క తన మానాన తను దగ్గుతూనే ఉంది.

"కిందేం వెతుకుతున్నావమ్మా, చెవిపోగు పడిపోయిందా?" అన్నాడు చలిబాబాయి నూనె డబ్బా పట్టుకొచ్చి.

"స్పీకరు పీకమన్నారు కదా. దీని మొదలెక్కడో చూస్తున్నా."

"పీకడానికి మొదలెందుకు? పుటుక్కున లాగేస్తే పోయె."

వైరు గోడవారగా వెళ్ళి, గుడ్డముక్క చుట్టిన ఒక డిటెక్టరు దగ్గర ఆగింది. అక్క చుక్కని వెతికిన రోజుల్లో ఉన్న డిటెక్టరు అదొక్కటే. తర్వాత గొలుసు కట్టడం మొదలయ్యాక పూసల కోసం కొత్త డిటెక్టర్లు వచ్చాయి. లెక్కించే పెట్టెకి నాలుగే రంధ్రాలు. అవి కొత్తవాటికి సరిపోయాయి. పాతదాన్ని కడుగు కాంతి వచ్చే వైపు తిప్పి పెట్టారు, వృథాగా పోయే కాంతి ఇంకెక్కడా పడకుండా. దానికి లెక్కపెట్టెలో చోటు లేదు. స్పీకరు మాత్రం దానికే ఉండిపోయింది, ఎవరూ విప్పక.

అంటే ఇన్నాళ్ళూ ఈ గదిలో వినబడుతున్న టకటకలు గొలుసులోని పూసలవి కావు. కడుగువి. ఎలక్ట్రాన్ గొలుసుని వదిలిపోతూ చేసే చప్పుడు అది.

పిచ్చుక బల్ల కిందే కూలబడింది. టక్. టక్ టక్. ఆగింది. టక్.

నాలుగు పూసల గొలుసు వాళ్ళు ఒక్కసారే కట్టారు, అక్క వెళ్ళిపోయే వారంలో. అప్పటికే నివేదిక వెళ్ళిపోయింది. ఎవరి మనసూ మనసులో లేదు, ఆ కొలతల్ని ఎవరూ సరిగా చూడలేదు. పిచ్చుకకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ గొలుసులో కూడా ఆఖరి పూస, నాలుగోదాని ముడే వదులు. మరి మూడోది? మూడు పూసల గొలుసులో ఎప్పుడూ వదులుగా ఉండే మూడోది నాలుగు పూసల గొలుసులో గట్టిగా ఉంది. చుక్కకి నిజంగా మతిమరుపే ఉంటే, మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడైనా ఒకేలా మరిచిపోవాలి కదా? ఇదేమిటి, ఏది ఆఖరైతే అదే వదులవుతోంది?

తప్పు గుర్తుపెట్టుకోవడంలో లేదు. వదిలేయడంలో ఉంది.

"బాబాయ్!" అని లేవబోయి నెత్తి బల్లకి ఠంగుమని కొట్టుకుంది.

"చెప్పానా, పుటుక్కున లాగేయమని!"

"బాబాయ్, ఎలక్ట్రాన్ విడిపోయేటప్పుడు టక్కుమందనుకో, ఆఖరి పూస ఒకలా ముడిపడి ఉంటుంది. ఊరుకుందనుకో, దానికి సరిగ్గా తలకిందులుగా ముడిపడి ఉంటుంది. ముడి ఎప్పుడూ ఉంది! ఏ వైపుకి ఉందో అది చెబుతూనే ఉంది. మనం రాసుకోలేదు. రెండు రకాలూ కలిపేసి కూడితే సగం అవును, సగం కాదు. కలిపితే సున్నా!"

చలిబాబాయి నూనె డబ్బా కింద పెట్టాడు. "నాకు సగమే అర్థమైంది. ఆ సగం నిజమే అయితే, మరి కూర్చున్నావేం?"

నాలుగో రంధ్రంలోంచి వైరు తీసి, స్పీకరు అలాగే ఉంచి, పాత డిటెక్టరుని లెక్కపెట్టెకి కలిపింది. మూడు పూసల గొలుసుకి పెట్టి నడిపించింది. చుక్క ఊరుకున్నప్పుడు నిజంగా ఊరుకుందో, కాంతి దారిలోనే పోయిందో చెప్పలేం కాబట్టి, టక్కుమన్న సార్లు మాత్రమే ఏరుకుంది. గొలుసులు చేరడానికి పొద్దు వాలేదాకా పట్టింది. బాబాయి రెండుసార్లు టీ తెచ్చి, రెండుసార్లూ తనే తాగాడు.

తెర మీద మొదటి ముడి లేచింది, ఎప్పటిలాగే. రెండోది, ఆఖరిది, ఇన్నాళ్ళూ నేలకి అతుక్కుని ఉన్నది, మెల్లగా లేచి దాని పక్కన భుజం కలిపి నిలబడింది.

"అక్కా, ఇది చూడూ," అంది పిచ్చుక.

 బాబాయి ఖాళీ స్టూలు వంక ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

మాస్టారు బుధవారం పొద్దున వచ్చి చాలాసేపు తెర ముందు కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆయన కేకలేసే మనిషి కాదు, మెచ్చుకునే మనిషీ కాదు.

"మూడేళ్ళు ఈ గదిలో ఈ చప్పుడు విన్నానమ్మా," అన్నారు చివరికి. "తలనొప్పి వచ్చినప్పుడు ఆపమని కూడా అన్నాను."

"గురువారం వాయిదా వెయ్యలేమా మాస్టారూ? ఇంకొన్నాళ్ళు ఉంటే పెద్ద గొలుసు కట్టొచ్చు. అక్కని పిలిస్తే..."

"వాయిదా నా చేతుల్లో లేదు. పై అంతస్తు వాళ్ళకి మాటిచ్చాను, వాళ్ళ దగ్గర చదివే పిల్లలు కూడా నీలాంటివాళ్ళే. పంపు సంగతి బాబాయి చెప్పే ఉంటాడు. నిన్న తీసిన కొలతలూ ఇవాళ తీసేవీ కలిపితే చాలు, వ్యాసం రాద్దాం. మొదటి పేరు ఆవిడదే." కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఉద్యోగం అడుగుతావని తెలుసు. నేనూ అడుగుతాను. ఇప్పుడైతే ఖాళీ లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి ఆవిణ్ణి మళ్ళీ ఇక్కడ కూర్చోబెట్టలేను."

పిచ్చుక సాయంత్రం దాకా ఆగలేకపోయింది. బస్సు పట్టుకుని బజారు వీధికి వెళ్ళింది. చెప్పుల దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య సన్నటి కళ్ళజోళ్ళ దుకాణం. అక్క ఇప్పుడు అక్కడ కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాస్తోంది. పిచ్చుక ఇదివరకు ఒకసారి కళ్ళు మండుతున్నాయని వంక పెట్టుకుని వెళ్ళింది. అక్క పరీక్ష చేసి, "నీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయే, నిద్రే లేదు" అని పంపించేసింది. ప్రయోగశాల ఊసు ఎత్తనివ్వలేదు.

ఇవాళ లోపల ఒక పెద్దాయన ఇనప చట్రం ముక్కుకి తగిలించుకుని కూర్చున్నాడు. అక్క అద్దాలు మారుస్తోంది.

"ఇది బాగుందా తాతగారూ? ఇప్పుడు? ముందుదే నయమా?"

"అన్నీ ఒకలాగే ఉన్నాయమ్మా."

"అన్నీ ఒకలాగే ఉంటే మీకు కళ్ళజోడెందుకు, హాయిగా ఇంటికెళ్ళి పడుకోండి."

"ఉండు ఉండు. ముందుదే బాగుంది."

"చూశారా, అడగ్గా అడగ్గా చెప్పారు." అప్పుడు గుమ్మంలో పిచ్చుకని చూసింది. మొహం ఒక్క క్షణం విప్పారి, వెంటనే సర్దుకుంది. "కళ్ళు మళ్ళీ మండుతున్నాయా?"

"కాదక్కా. దగ్గుచుక్కకి మతిమరుపు లేదు."

 అక్క పెద్దాయనకి చీటీ రాసిచ్చి పంపించి, చట్రం తుడిచి పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "చెప్పు."

పిచ్చుక చెప్పింది. వైరు సంగతి, పాత డిటెక్టరు, నాలుగు పూసల్లో మూడోది, నిన్న లేచిన రెండో ముడి. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అక్క మధ్యలో ఒక్కటే అడిగింది, "టక్కుమన్నవే ఏరావా?" అని. అవునంది. అక్క అరచేత్తో నోరు మూసుకుంది. ఏడుస్తోందనుకుంది పిచ్చుక. నవ్వుతోంది.

"చెవి పక్కన నేనే కట్టుకున్నానే దాన్ని! నా చేత్తో నేనే! పొద్దస్తమానం వింటూ, దీనికి మతి లేదు మతి లేదని..." నవ్వు ఆగిపోయింది. చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పాపం, అది చెబుతూనే ఉంది."

"రేపు ఆపేస్తారక్కా. పొద్దున్నే. ఒక్కసారి రా. మాస్టారు మొదటి పేరు నీదే వేస్తానన్నారు. ఉద్యోగం కూడా అడుగుతానన్నారు."

"ఉందన్నారా?"

పిచ్చుక స్వెట్టరు మడత లాక్కుంది. "ఖాళీ లేదన్నారు, ఇప్పుడైతే."

"ఆయన అబద్ధం చెప్పరు." అక్క అద్దాల పెట్టె మూసింది, మళ్ళీ తెరిచింది. "నేను రానే పిచ్చుకా."

"ఎందుకని? ఒక్క గంట. కోపమా?"

"కోపమైతే వచ్చేదాన్ని, నాలుగు మాటలని పోయేదాన్ని. వస్తే మళ్ళీ వెళ్ళలేను. అది కారణం. ఆ గదిలోంచి కాలు బయట పెట్టడానికి నాకెంత కష్టమైందో నీకు తెలీదు. ఇక్కడ అడిగితే ఎవరో ఒకరు జవాబు చెబుతారు, ఇదా అదా అంటే. అక్కడ ఏళ్ళ తరబడి అడిగాను. ఇప్పుడిప్పుడే ఎదురుచూడ్డం మానేశాను. అన్నం సయిస్తోంది. మళ్ళీ మొదలుపెట్టించకు."

"మరి నేను?" అంది పిచ్చుక. అనాలనుకోలేదు, వచ్చేసింది. "నువ్వు వస్తావనే కదా నేను దాన్ని ఇన్నాళ్ళూ తీయనివ్వలేదు."

అక్క ఆమె చేతులకేసి చూసింది. రెండు మడతలు పెట్టిన స్వెట్టరు చేతులు. ఒక మడత జారిపోతే సరిచేసింది. "తెలుసు. నాకోసం కాపలా కాస్తున్నావని తెలిసే, అప్పుడు వచ్చినా నిన్ను ఆ ఊసు ఎత్తనివ్వలేదు." దుకాణంలోకి ఎవరో అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అక్క లేచింది. లేస్తూ, మెల్లగా, "రేపు ఆపేముందు ఫోను చెయ్యి. వింటాను," అంది.

గురువారం పొద్దున గదిలో ముగ్గురే ఉన్నారు. బల్ల మీద కప్పాల్సిన గుడ్డ మడతపెట్టి ఉంది. డబ్బా సిద్ధంగా ఉంది. బోర్డు మీద లేజర్లు ఆపడమే మొదటి పని. "అది ఆఖర్న ఆపుతాను మాస్టారూ," అంది పిచ్చుక. ఆయన కిటికీ వైపు తిరిగి, "సరే" అన్నారు.

ఫోను స్పీకరుకి ఆనించింది.

"అక్కా, వినబడుతోందా?"

అటువైపు ఏదో బండి హారను, షట్టరు ఎత్తుతున్న చప్పుడు.  ఇటువైపు టక్ టక్ టక్. ఆగింది. టక్.

"దగ్గు తగ్గలేదే," అంది అక్క గొంతు.

"లేదు."

"అలాగే ఉంచు. మాట్లాడకు."

చలిబాబాయి పంపు మీట మీద చెయ్యి వేసి పిచ్చుక వంక చూశాడు. ఆమె తలూపలేదు. ఆయన ఆగాడు. చుక్క దగ్గుతూనే ఉంది, ఒక్కో గొలుసూ కట్టి, ఒక్కోదాన్నీ వదిలేస్తూ, వదిలేసినప్పుడల్లా ఆ ఒక్క మాట చెబుతూ. చివరికి ఫోనులోంచే వచ్చింది మాట: "కానివ్వమను బాబాయిని."

పంపు మూలిగి ఆగింది. అంతసేపూ పంపు హోరు కింద అణిగి ఉన్న టకటకలు ఒక్కసారి గది నిండా స్పష్టంగా వినబడ్డాయి. చాలాసేపు ఏమీ మారలేదు. తర్వాత మధ్యమధ్య ఆగే సేపు పెరిగింది. రెండు టక్కుల మధ్య ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. టక్. ఎంతో సేపటికి ఇంకోటి. ఇంకోటి వస్తుందని ముగ్గురూ, ఫోనులో నాలుగో మనిషీ ఎదురుచూశారు. రాలేదు.

పిచ్చుక లేజరు ఆపింది. మూత పెట్టింది.

"అక్కా?"

"ఉన్నాను." అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు. "స్పీకరు నాకు పంపకు. అక్కడే ఉంచు. కొత్త చిప్పు వాళ్ళకి చుక్క దొరికాక కట్టివ్వు. ఎక్కడ కట్టాలో నీకు తెలుసుగా?"

"తెలుసు."

"స్వెట్టరు కూడా ఉంచుకో. నాకిక్కడ చలి లేదు." వెనక నుంచి ఎవరో పిలిచారు. "వస్తున్నానండీ, కూర్చోండి." ఫోను పెట్టేయడం మరిచిపోయిందో, పెట్టలేదో. పిచ్చుక చెవికి ఆనించుకునే నిలబడింది. చట్రం గలగలమంది. తర్వాత అక్క గొంతు, దూరంగా, తొందర లేకుండా: "ఇది బాగుందా అమ్మా? ఇప్పుడు?"

మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్ళి, స్పీకరు పీకేయడం అన్నదాన్ని అరచేత్తో చెరిపేశారు. పిడి విరిగిన కప్పు, టార్చిలైటు, చెప్పులు మాత్రం ఆ సాయంత్రం చలిబాబాయి ఇంటికి వెళుతూ దుకాణంలో ఇచ్చి వెళ్ళాడు. పిచ్చుక ఆయనతో వెళ్ళలేదు. వెళ్ళాలని లేక కాదు.

ఇది చదివినవాళ్ళని అడగాల్సింది ఒకటుంది. కొలుస్తూ లెక్క కట్టే ఆ యంత్రాలు ఎప్పటికో నిజమై, మీ ఇంటిదాకా వస్తే, వాటికి గొలుసులు కట్టడం నేర్పినవాళ్ళని పొగుడుతూ ఎవరో ఒకరు మాట్లాడతారు. అప్పుడు అక్కని ఒకసారి తలుచుకోండి. అంతవరకూ ఆగక్కర్లేదు. ఏ కళ్ళజోళ్ళ దుకాణంలోనైనా ఒకావిడ అద్దం మార్చి, ఇదా అదా అని అడిగి, మీరు తేల్చుకుని చెప్పేదాకా ఓపిగ్గా చెవి ఒగ్గి నిలబడితే, అప్పుడు కూడా తలుచుకోండి.